నీలి పొగ మీద మోపిన నింద

మొన్న మధ్యాహ్నం మా పక్కింటి రైలు గుమాస్తా భార్య తన పిల్లల పాఠ పుస్తకం ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టి, ఇందులో అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి, మీ కళ్ళకు సులువుగా ఉంటుంది, తీరిగ్గా చదువుకోండి అని చెప్పి వెళ్ళింది. నాకు అక్షరాలు నేర్పిన మనిషి ఆవిడే. బళ్ళారి వైపు నుంచి ఉద్యోగం మీద కోయంబత్తూరు వచ్చిన కుటుంబం వాళ్ళది. మా ఇళ్ళలో తెలుగు తరతరాలుగా నోట నిలిచిందే గాని చేతికి ఎక్కలేదు. మగపిల్లలు చదివితే అరవ బడిలో అరవం చదివేవారు, ఆడపిల్లలు ఏదీ చదివేవారు కాదు. అటువంటిది, యాభై దాటిన నాకు ఆవిడ చాటలో ఇసుక పోసి, వేలు పట్టుకుని అ ఆ లు దిద్దించింది. ఇప్పటికీ నేను చదివేది కూడబలుక్కునే. ఒక్కొక్క మాటనూ పప్పులో రాయి ఏరినట్టు ఏరుకుంటూ పోతాను.

ఆ పుస్తకంలో పగటిపూట ఆకాశం నీలంగా ఎందుకు కనిపిస్తుందో చెప్పే పాఠం ఒకటి ఉంది. చిన్న పాఠమే గాని నాకు ఒక పూట పట్టింది. ఎండ తెల్లగా కనిపించినా అందులో అన్ని రంగులూ కలిసే ఉంటాయట. గాలిలో మన కంటికి ఆనని సూక్ష్మమైన కణాలు కోటానుకోట్లు ఉంటాయట. ఎరుపూ పసుపూ వాటి మధ్య నుంచి చాలావరకు తమ దారిన తాము వచ్చేస్తాయి గాని, నీలం మాత్రం వాటికి తగిలి నాలుగు వైపులా చెదిరిపోతుందట. అలా చెదిరిన నీలం అన్ని దిక్కుల నుంచీ మన కంట పడుతుంది కనుక తల ఎటు తిప్పినా ఆకాశం నీలంగానే ఉంటుంది. పొద్దు వాలేటప్పుడు ఎండ చాలా దూరం గాలిలో నడిచి రావలసి వస్తుంది, నీలమంతా దారిలోనే చెదిరిపోయి మన దాకా ఎరుపే మిగిలి వస్తుంది. గాలి అనేదే లేకపోతే పట్టపగలు కూడా పైన నల్లగానే ఉంటుందట. పాఠం చివర ఇంకొక మాట ఉంది. పొయ్యి లోంచి లేచే సన్నని కట్టెల పొగ, వెనక చీకటి ఉన్నప్పుడు నీలంగా కనిపించేది కూడా ఈ కారణం చేతనే అని.

ఆ చివరి మాట దగ్గర నేను పుస్తకం టప్పున మూసేశాను. కళ్ళు అలిసి అనుకునేరు. కాదు, కోపం. ఇన్నేళ్ళుగా ఎవరి మీద పడాలో తెలియక లోపల తిరుగుతున్న కోపం. ఎందుకంటే అటువంటి నీలి పొగను చూసే, మా ఊరివాళ్ళు మా చిన్నత్తను ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. నా ఈడు వాళ్ళు, మన నాయకుల కులంలో పుట్టినవాళ్ళు, ఈ సంగతి ముక్కలు ముక్కలుగా వినే ఉంటారు. విన్నది వేరుగా ఉంటుంది. నేను చూసింది చెబుతాను.

మా పుట్టినూరు సూలూరు దాటి తూర్పుగా పోతే వస్తుంది. నల్లరేగడి నేల, పత్తి, జొన్న, సజ్జ. నాకు పది పన్నెండేళ్ళ వయసు నాటి మాట. అప్పటికింకా కంపెనీ వాళ్ళ దొరతనమే, రాణిగారి పేరు వినబడడం తరువాత. ఆ రోజుల్లో దొరల సీమకు బట్టలకు వేసే నీలిమందు బాగా కావలసి వచ్చిందని, ఊరి బయట వాగు ఒడ్డున ఒక దొర తరఫు మనుషులు తొట్లు కట్టించారు. ఆ తొట్ల కంపు అనుభవించినవాళ్ళకే తెలుసు. చచ్చిన చేప, కుళ్ళిన ఆకు, ఆవు పంచితం అన్నీ కలిపి ఎండలో మురగబెట్టినట్టుండేది. కాని పని మాత్రం చూడముచ్చటగా ఉండేది. పచ్చి నీలి మొక్కల మోపులు పై తొట్టిలో నానబెట్టేవారు. ఆ నీళ్ళు పసుపు కలిసిన ఆకుపచ్చగా కింది తొట్టిలోకి దిగేవి. అందులో మనుషులు మోకాలి లోతున దిగి, తెడ్లతో ఆ నీళ్ళను చిలికినట్టు కొట్టేవారు. కొట్టగా కొట్టగా గాలి కలిసి, నురగ లేచి, కళ్ళ ముందే ఆ పచ్చ నీళ్ళు నీలంగా మారిపోయేవి. ఆ మార్పు చూడడానికే నేను అత్తకు సద్దికూడు తీసుకుపోయే పని ఎవరికీ ఇవ్వకుండా పట్టుకునేదాన్ని.

చిన్నత్త అంటే మా నాయన చెల్లెలు. మామ కొండ మీద దొరలు వేయిస్తున్న దారి పనికి వెళ్ళి, వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉండిపోయాడు. పోయాడన్న కబురూ లేదు, ఉన్నాడన్న కబురూ లేదు. అత్త గాజులు తీయలేదు, బొట్టు చెరపలేదు. మా వాకిట్లో ఒక పక్కన పాక వేసుకుని, తన కూడు తాను సంపాదించుకుంటానని తొట్టి పనికి చేరింది. అక్కడ పని చేసిన ఆడవాళ్ళలో మన ఇళ్ళ మనిషి ఆమె ఒక్కతే. చేతులు మోచేతుల దాకా, కాళ్ళు మోకాళ్ళ దాకా నీలంగా ఉండేవి; సీకాయ పెట్టి రుద్దినా, బూడిద పెట్టి తోమినా ఆ రంగు పోయేది కాదు. నాకు తల దువ్వేటప్పుడు ఆ వేళ్ళు చూసి నేను నవ్వితే, నవ్వకే పిల్లా, కృష్ణసామి చేతులతో దువ్వుతాండాను, నీ పుణ్యం అనేది. మా అవ్వ ఆమెను మళ్ళీ పుట్టింటి వంటింట్లోకి వచ్చెయ్యమని ఎంత పోరినా వినేది కాదు, ఊరు విడిచి మరెక్కడికైనా పొమ్మన్నా ఒప్పుకొనేది కాదు. మామ తిరిగి వస్తే ఆ ఊరికే వస్తాడని ఆమె నమ్మకం.

ఆ మొక్క ఎవరు పండించేవారు? ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. మా పెద్దనాయన. మా నాయనకు అన్న, అత్తకూ అన్నే, ఊరికి పెద్ద. తన చేనులో సగం నీలి వేసి, చుట్టుపక్కల వాళ్ళ చేత వేయించి, బండ్లకు బండ్లు తొట్లకు తోలించేవాడు. ఆకు బండిలో ఉన్నప్పుడు పచ్చగా ఉంటుంది గదా, తోలినవాడి చేతికి మరక అంటదు.

రెండేళ్ళు వరసగా వానలు ముఖం చాటేశాయి. రెండో ఏడు సజ్జ మొలిచి జానెడు ఎత్తులోనే ఎండిపోయింది. బావులు అడుగంటాయి. పశువులను కొండ వైపు తోలుకుపోయారు. అవ్వ కుండలోంచి గింజలు తీసేటప్పుడు చెయ్యి లోపలికి ఎంత దూరం వెళ్తోందో పిల్లలం కూడా చూసేవాళ్ళం. అప్పుడు ఊరంతా ఆకాశం వైపే చూస్తూ కూర్చునేది. చూసి చూసి ఒకనాడు ఎవరి నోటి నుంచి వచ్చిందో ఒక మాట వచ్చింది: తొట్ల దగ్గర కట్టెల మంట మీద నీలిమందు కాచే కొట్టం నుంచి తెల్లవారేసరికి నీలి పొగ లేస్తోంది, అది పైకి పోయి ఆకాశానికి నీలం పట్టిస్తోంది, ఆ రంగు పట్టిన చోట మబ్బు నిలవడం లేదు, అని.

నీలి పొగ లేచిన మాట నిజమే. నేనూ చూశాను. వాగు అవతల గుబురు చెట్ల నీడ నల్లగా ఉండేది, ఆ నీడ ముందు పొగ నీలంగా కనిపించేది. కాని మా వంటింట్లో చిదుగుల పొయ్యి మీంచి లేచే పొగ కూడా మసి గోడ ముందు నీలంగానే ఉండేది. అదే పొగ కప్పు సందులోంచి బయటపడి వెలుగుకు అడ్డం వస్తే మట్టి రంగుకు తిరిగేది. రోజూ మూడు పూటలా పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్ళు అందరూ చూసినదే ఇది. వాళ్ళను అడిగినవాడు లేడు.

ఊరి మాట కోడంగి దాకా పోయింది. కోడంగి అంటే మన కులానికి పూజ చేసేవాడు, దేవుడు పూనినప్పుడు ఢమరుకం లాంటి ఉడుక మోగిస్తూ మాట చెప్పేవాడు. మన ఆచారం తెలిసినవాళ్ళకు కంబళి మాట చెప్పనక్కర్లేదు. నల్ల కంబళి పరిచి, దాని మీద నీళ్ళ చెంబు పెట్టి, చెంబులో వేపాకు ఉంచి, పెద్దలు కూర్చుని ఒక తీర్పు పలికితే ఇక దానికి తిరుగు లేదు. తప్పని తరువాత తెలిసినా కంబళి మీద అన్న మాట వెనక్కి తీసుకునే దారి మన పెద్దలు పెట్టలేదు. ఆ రోజు కంబళి మా ఇంటి ముందే పరిచారు. మగవాళ్ళు కూర్చున్నారు, ఆడవాళ్ళం గడప ఇవతల నిలబడ్డాం. ఉడుక మోగింది. కోడంగి ఒళ్ళు ఊగింది. మన ఇంటి ఆడదాని చెయ్యి నీలంలో మునిగింది, ఆ చెయ్యి కలిపిన నీలం పైకెక్కింది, ఆ చెయ్యి ఈ ఎల్లలో ఉన్నన్నాళ్ళు చినుకు దిగదు అన్నాడు.

తొట్లు మూయమనలేదు. తొట్లు దొరవి. నీలి మొక్క పీకెయ్యమనలేదు. మొక్క పెద్దనాయనది. తొట్లలో చేతులు ముంచినవాళ్ళు వేరే కులాల వాళ్ళు ఇంకా ఎంతోమంది ఉన్నారు, వాళ్ళ మీద కంబళికి హక్కు లేదు. మిగిలింది మా అత్త చేతులు.

గడప ఇవతల నుంచి మా అవ్వ ఊరుకోలేదు. కంబళి ముందు ఆడది నోరు తెరవకూడదన్న కట్టు ఆమెకు తెలియక కాదు.

“ఒరే పెద్దోడా, నీ తలపాగ అంచు ఏమి రంగురా? దాన్ని ఏ తొట్టిలో ముంచిరి? నీ బండ్లు తోలింది ఆకా, అన్నమా?”

“నువ్వు ఉండుమా. ఇది మగోళ్ళు మాట్లాడుకునే పేచ్చు” అన్నాడు పెద్దనాయన, తల తిప్పకుండానే.

“మగోళ్ళ పేచ్చయితే మగోళ్ళ చేతులు చూడండ్రా. ఈ తొట్లు రాక ముందు పైన ఏమి రంగుండెరా? పసుపా? నేను పుట్టిననాటి నుంచి చూస్తాండాను, నీలమే ఉండాది!”

కోడంగి ఉడుక ఇంకా గట్టిగా మోగించాడు. మా నాయన కంబళి అంచున కూర్చుని నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు. తమ్ముడు అన్న ముందు మాట్లాడకూడదట. చెల్లెలు ఊరు దాటి పోతున్నప్పుడు కూడా.

అత్త ఏడవలేదు. పాకలోంచి ఒక మూట తెచ్చుకుని, కంబళికి దూరంగా నిలబడి, పెద్దనాయనను ఒక్క మాట అడిగింది.

“అన్నా, సరి, పోతాను. రేపు ఆయన వస్తే నన్ను ఎక్కడని దేవులాడుతాడు? ఎవర్ని అడుగుతాడు? మీరు ఇల్లు చూపరు, పేరు పలకరు. దానికొక దారి చెప్పి నన్ను పంపు.”

దారి చెప్పలేదు. వెలి పడ్డ మనిషి పేరు ఆ ఊళ్ళో పలకకూడదు గనక, భర్త వచ్చి అడిగినా పలకకూడదు. ఆమె అడిగింది కూడా అదే, వాళ్ళు కాదన్నది కూడా అదే. నేను అత్త వెంట పరుగెత్తబోతే అవ్వ నా జడ పట్టుకుని ఆపింది. ఎందుకు ఆపిందో నాకు ఇప్పుడు తెలుసు, వెంట పోయినవాళ్ళకూ వెలే; అప్పుడు తెలియక ఆమె చెయ్యి కొరికాను. అత్త దక్షిణం దారి పట్టింది. పాకను ఆ పూటే పీకేశారు.

ఇక వినండి. నా కడుపు మండేది ఇక్కడ. అత్త వెళ్ళిన కొద్ది రోజులకే వాన పడింది. పడమటి కనుమ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి, మూడు పగళ్ళు విడవకుండా కురిసింది. వాగు పొంగి తొట్ల గట్టు కూడా కొంత కొట్టుకుపోయింది. ఊరివాళ్ళు వీధుల్లో తడుస్తూ ఎగిరారు. కోడంగికి కొత్త బట్టలు పెట్టారు. చూశారా, చూశారా అని ఒకరికొకరు చెప్పుకున్నారు. వాన రావడం ఏ ఏడైనా వస్తుంది, రాకపోవడం ఏ ఏడైనా రాకపోతుంది. కాని ఆ ఏడు వచ్చిన వాన మా అత్త మీద సాక్ష్యం చెప్పి పోయింది. వానను అడ్డు ప్రశ్నలు అడగడానికి ఎవరున్నారు?

వాన వెలిసిన నాటి పొద్దున నేను వాకిట్లోకి వచ్చి తలెత్తి చూశాను. నా జన్మలో అంత నీలం చూడలేదు. కరువు రోజుల్లో రేగడి దుమ్ము లేచి లేచి, ఆకాశం నిజానికి నీలంగా లేనే లేదు. పలచని మజ్జిగ లాగా వెలవెలబోయి ఉండేది. నీలం పట్టింది, నీలం పట్టింది అని అందరూ అరిచిన ఆ రెండేళ్ళూ అందులో నీలం తగ్గింది. వాన దుమ్మునంతా కడిగేసింది గనక ఇప్పుడు నీలం తన పూర్తి రంగుతో బయటపడింది. ఇంత చిన్న సంగతి చూడడానికి పుస్తకం అక్కర్లేదు, మెడ ఉంటే చాలు. నేను పరుగెత్తుకెళ్ళి, అరుగు మీద పదిమంది మధ్య కూర్చున్న పెద్దనాయనతో, పెదనాయనా, పైన చూడు, ముందుకన్నా నీలంగా ఉండాది, అత్త లేదు గదా, ఇప్పుడు ఇది ఎవరి చెయ్యి అన్నాను.

ఆయన పైకి చూడలేదు. నన్ను కొట్టాడు. అరుగు మీద ఉన్న పదిమందిలో ఒక్కడైనా తల ఎత్తి ఉంటే నేను ఆ దెబ్బ మరచిపోయి ఉండేదాన్ని.

పెళ్ళయి నేను తేని వైపు అత్తవారింటికి వెళ్ళాను; కోయంబత్తూరు చేరింది చాలా ఏళ్ళ తరువాత. పుట్టింటి వాళ్ళు తొట్లకు ఆకు తోలడం ఇంకా చాలా కాలం సాగించారు. నాకు పిల్లలు పుట్టాక, మా పుట్టినూరి బండివాడొకడు ఏలకులు వేసుకురావడానికి బోడినాయకనూరు పోయి, తిరుగు దారిలో మా ఇంట్లో దిగి, ఒక వార్త చెప్పాడు. కొండ అడుగున మూటలు మోసే ఆడవాళ్ళలో ఒక నెరిసిన మనిషి వీడి మాట విని, మన భాషే, ఏ ఊరు నాయనా అని అడిగిందట. ఊరు చెప్పేసరికి మూట దించి, మీ ఊళ్ళో ఆ ఏడు వాన పడిందా అని అడిగిందట. పడింది, బాగా పడింది అన్నాడట వీడు. సరి, పిల్లకాయలు తిని ఉంటారు అని, కొండ దారి పని చేసిన ఫలానా మనిషి ఎవరైనా ఊరికి వచ్చాడా అని కూడా అడిగిందట. వీడు లేదన్నాడట. ఆమె మూట ఎత్తుకుని వెళ్ళిపోయిందట. ఈ కథ వాడు నాకు ఎంత సంబరంగా చెప్పాడో మీకు చెప్పలేను. చూశావా అక్కా, తన వల్లనే వాన నిలిచిందని ఆమెకే తెలుసు, అందుకే అడిగింది అన్నాడు. నేను వడ్డించిన విస్తరి ముందు నుంచి వాణ్ణి లేచి పొమ్మన్నాను. మా ఇంట్లో అది పెద్ద రభస అయింది. మర్నాడు మా ఆయనను బతిమాలి బోడినాయకనూరుకు పంపాను. బండివాడు తెచ్చినవే ఆ ఏటి ఆఖరి మూటలట, మోసేవాళ్ళు ఎటు పోయారో ఎవరూ చెప్పలేకపోయారు. మామ ఊరికి ఎప్పుడైనా వచ్చి అడిగాడా, అడిగితే ఏమి చెప్పి పంపారు, ఇదీ నాకు ఎవరూ ఈనాటి వరకు చెప్పలేదు.

ఇప్పుడు ఆ తొట్లు లేవు. సీమలో తయారైన రంగే డబ్బాల్లో దిగుతోందట, ఆకు అడిగేవాడు లేడు. వాగు ఒడ్డున గోడలు కూలి, తొట్ల అడుగున తుమ్మ మొలిచింది. పెద్దనాయన పోయాడు, ఆయన మనవడు ఊరి పెద్ద. కోడంగి ఉడుక ఇంకా మోగుతూనే ఉంది గాని, మునుపటిలా జనం గడగడలాడడం లేదు. పిల్లలు బడికి పోతున్నారు. ఆడపిల్లలు కూడా కొందరు పోతున్నారు, అది చూసి నా కళ్ళు చల్లబడతాయి.

కాని ఒకటి మిగిలింది. అత్తను పంపిన మరుసటి ఏడు పెద్దనాయన ఒక కట్టు పెట్టాడు. విత్తనం తీసే రోజున ఇంటింటి ఆడవాళ్ళూ వరసగా వచ్చి ఊరి పెద్ద ముందు రెండు చేతులూ చాపి చూపించాలి, నీలి మరక లేదని చూశాకనే విత్తనపు గాదె తలుపు తీస్తారు. ఈ ఏడు నేను పుట్టింటికి పోయినప్పుడు అది జరుగుతోంది. నా తమ్ముడి మనవరాళ్ళు గోరింటాకు పెట్టుకున్న చేతులు చాపి, ఒకరినొకరు తోసుకుంటూ కిలకిలా నవ్వుతున్నారు. ఇది ఎందుకు చేస్తారో తెలుసా అని అడిగితే, వానలు బాగా పడాలని అన్నారు. వాళ్ళను ఒక పక్కకు పిలిచి ఉన్నదంతా చెప్పాను. అత్త పేరు కూడా పలికాను, ఆ ఊరి నేల మీద నిలబడి పలికాను. పిల్లలు విని నివ్వెరపోయారు. పావం అవ్వా, అప్పట్లో అంత తెలివి లేని జనమా అని ఒకతె నా చెయ్యి నిమిరింది. అంతలో వరస కదిలింది. వాళ్ళు గబగబా పోయి తమ చోట్లలో నిలబడి, నవ్వుతూ చేతులు చాపారు.

నేను కూడా పోయి వరస చివర నిలబడ్డాను, పైట కింద చేతులు గట్టిగా కట్టుకుని. నా వంతు వచ్చింది. పెద్దనాయన మనవడు మర్యాద తెలిసినవాడు. మీరెందుకమ్మా ఎండలో, ముసలోళ్ళ చేతులు మేము చూడం, నీడకు పోయి కూర్చోండి అన్నాడు.

చూపమని అడిగి ఉండవలసింది. చూపను అని చెప్పడానికే నేను అంతసేపు ఎండలో నిలబడ్డాను.